మోకాలి మార్పిడిలో ఆ 3 డిగ్రీలు ఎక్కడి నుంచి వచ్చాయి?

మోకాలి మార్పిడి ఆపరేషన్ అయ్యాక ఎక్స్‌రే తీస్తారు, తుంటి మధ్య నుంచి చీలమండ మధ్య దాకా ఒక గీత గీసి అది మోకాలి మధ్యలోంచి పోతోందా లేదా చూస్తారు, పోతే కాలు నిటారుగా వచ్చింది బాగుంది అంటారు. నిజంగానే బాగుండొచ్చు. కానీ అదే మోకాలిలో ఇంకో లెక్క ఉంది, ముందు నుంచి తీసిన ఎక్స్‌రేలో దాన్ని కొలవడం కుదరదు, అదేంటంటే తొడ ఎముక చివర తొడిగే మెటల్ భాగం తన చుట్టూ తాను ఎంత తిరిగి కూర్చుంది అనేది. దీన్నే ఫెమోరల్ రొటేషన్ అంటారు. ఎక్స్‌రే చూస్తే అంతా సవ్యంగా ఉండి, పేషెంట్ మాత్రం మెట్లు దిగలేకపోతున్నా, కుర్చీలోంచి లేస్తుంటే ముందు వైపు పట్టేస్తోంది అంటుంటే, వెతకాల్సిన కారణాల్లో ఇదొకటి.

మోకాలి మార్పిడి చేయించుకున్నవాళ్ళలో దాదాపు ఐదుగురిలో ఒకరు ఫలితంతో పూర్తిగా తృప్తిగా లేరని చాలా సర్వేల్లో వచ్చింది. వాళ్ళందరి బాధకీ రొటేషనే కారణం అని నేను అనట్లేదు, దానికి సవాలక్ష కారణాలుంటాయి. అయితే సర్జన్ చేతిలో ఉన్న కారణాల్లో ఇది ముఖ్యమైనది, పైగా ఆపరేషన్ టేబుల్ మీద కొన్ని నిమిషాల్లో తీసుకునే నిర్ణయం ఇది, తర్వాత మార్చాలంటే ఇంప్లాంట్ పీకాల్సిందే.

ముందు ఆ ఎముకని ఒకసారి చూద్దాం. మోకాలు 90 డిగ్రీలు మడిచి పెట్టి ఎదురుగా నిలబడితే సర్జన్‌కి తొడ ఎముక కింది చివర ముఖాముఖిగా కనపడుతుంది. వెనక వైపు రెండు గుండ్రటి బుడిపెలు ఉంటాయి, వాటిని కాండైల్స్ అంటారు, ఒకటి లోపలి వైపు (రెండో కాలి వైపు అన్నమాట), ఒకటి బయటి వైపు. ఆ రెండింటి మధ్యలో ఒక సందు, దాన్ని నాచ్ అంటారు, లిగమెంట్లు (ఎముకని ఎముకతో కట్టి ఉంచే గట్టి పట్టీలు) పోయేది అందులోంచే. ముందు వైపు ఒక గాడి ఉంటుంది, మోకాలి చిప్ప జారేది ఆ గాడిలోనే, దాని పేరు ట్రోక్లియా. ఇక రెండు పక్కలా లిగమెంట్లు అతుక్కునే చిన్న ఎత్తులు ఉంటాయి, అవి ఎపికాండైల్స్. రొటేషన్ గురించి సర్జన్‌కి దారి చూపించే ముఖ్యమైన గుర్తులు ఈ నాలుగు చోట్లే ఉన్నాయి. మెటల్ భాగాన్ని ఇక్కడ బయటి వైపుకి కొంచెం తిప్పి పెడితే ఎక్స్‌టర్నల్ రొటేషన్, లోపలికి తిప్పితే ఇంటర్నల్ రొటేషన్.

ఇప్పుడు టైటిల్‌లో అడిగిన ప్రశ్న. మోకాలి మార్పిడి గురించి కొంచెం చదివినవాళ్ళెవరైనా "వెనక కాండైల్స్ గీతకి 3 డిగ్రీలు బయటికి తిప్పాలి" అనే మాట వినే ఉంటారు. ఆపరేషన్‌లో ఎముక కోతకి దారి చూపే పరికరాలు, అంటే జిగ్‌లలోనే ఈ 3 అంకె చెక్కి ఉంటుంది. మరి తొడ ఎముకలో 3 డిగ్రీల వంపు ఏదో ఉందా, దాన్ని సరిచేస్తున్నామా అంటే, కాదు. అసలు ఆ 3 డిగ్రీల అవసరం పుట్టింది మోకాలి కింది ఎముకలో, అంటే టిబియాలో. ఇది అర్థమైతే సగం చిక్కు విడిపోయినట్టే కాబట్టి ఇక్కడ కొంచెం ఓపిగ్గా చదవండి.

సహజంగా చాలామందిలో టిబియా పైభాగం నేలకి సమాంతరంగా ఉన్న ఒక బల్లలా ఉండదు, సగటున 3 డిగ్రీలు లోపలి వైపుకి వాలి ఉంటుంది. దానికి తగ్గట్టే పైన తొడ ఎముక కాండైల్స్ కూడా ఉంటాయి, రెండూ ఒకదానికొకటి సరిపోతాయి. ఇప్పుడు ఆపరేషన్‌లో ఏం చేస్తారంటే టిబియా పైభాగాన్ని ఆ ఎముక పొడుగు అక్షానికి సరిగ్గా 90 డిగ్రీల్లో కోస్తారు. అంటే సహజంగా ఉన్న వాలుని తీసేస్తున్నారు, అందువల్ల బయటి వైపు ఎక్కువ ఎముక పోతుంది, లోపలి వైపు తక్కువ పోతుంది. రెండు కాండైల్స్ మధ్య దూరం ఒక 48 మిల్లీమీటర్లు అనుకుంటే 3 డిగ్రీలకి అటూ ఇటూ తేడా సుమారు 2.5 మిల్లీమీటర్లు వస్తుంది. ఇప్పుడు మోకాలు మడిచి చూస్తే బయటి వైపు గ్యాప్ (తొడ ఎముకకీ టిబియాకీ మధ్య ఖాళీ) ఎక్కువ, లోపలి వైపు గ్యాప్ తక్కువ, అంటే దీర్ఘచతురస్రం రావాల్సిన చోట ఒక పక్క వెడల్పు ఇంకో పక్క ఇరుకు ఉన్న గ్యాప్ వస్తుంది. దాన్ని సరిచేయాలంటే తొడ ఎముక వెనక వైపు లోపలి కాండైల్ నుంచి అదే 2.5 మిల్లీమీటర్లు ఎక్కువ కోయాలి, బయటి దాని నుంచి తక్కువ కోయాలి. అలా కోస్తే మెటల్ భాగం 3 డిగ్రీలు బయటికి తిరిగి కూర్చుంటుంది. అంతే సంగతి. కింద చేసిన మార్పుకి పైన కడుతున్న లెక్క అది.

ఇది ఊరికే చెప్పట్లేదు, చరిత్రలో కూడా ఇలాగే జరిగింది. 1980లలో హంగర్‌ఫోర్డ్, క్రాకోవ్ అనే సర్జన్లు టిబియాని సహజంగా ఉన్న 3 డిగ్రీల వాలులోనే కోసేవాళ్ళు, కాబట్టి పైన తొడ ఎముకని తిప్పాల్సిన అవసరం వాళ్ళకి రాలేదు, వెనక కాండైల్స్‌కి సమాంతరంగా కోస్తే సరిపోయేది. అటుపక్క జాన్ ఇన్‌సాల్ అనే సర్జన్ దారిలో నడిచినవాళ్ళు టిబియాని 90లోనే కోయాలి అన్నారు, ఎందుకంటే ఆనాటి పరికరాలతో 3 డిగ్రీల వాలు కోయబోయి చేయి కొంచెం తప్పితే అది 6 అవ్వచ్చు, అప్పుడు టిబియా ఇంప్లాంట్ లోపలి వైపుకి కుంగి వదులైపోయే ప్రమాదం ఉంది, 90 అయితే కంటికి కూడా తెలుస్తుంది. ప్రపంచం ఎక్కువగా ఇన్‌సాల్ దారిలో వెళ్ళింది, దాంతో పాటే ఆ 3 డిగ్రీలు కూడా మన జిగ్‌లలోకి వచ్చేశాయి.

కాబట్టి 3 అనేది సగటు టిబియాకి సగటు తొడ ఎముక ఇచ్చే జవాబు, టేబుల్ మీద పడుకున్న మనిషి సగటు మనిషి కాకపోవచ్చు. నా దృష్టిలో ఈ సబ్జెక్ట్ మొత్తానికి కీలకం ఇక్కడే ఉంది. మిగతా గుర్తులన్నీ ఎందుకు కనిపెట్టారంటే ఈ సగటు ఎక్కడ తప్పుతుందో పట్టుకోవడానికే, ఆ గుర్తుల్లో ఏదీ అన్ని మోకాళ్ళలో నిజం చెప్పదు, ఒక్కొక్కటి ఒక్కో రకం జబ్బులో అబద్ధం చెప్తుంది. ఏది ఎప్పుడు అబద్ధం చెప్తుందో తెలిసినవాడికి మాత్రం అన్నీ పనికొస్తాయి.

వెనక కాండైల్స్ గీతనే తీసుకోండి, పోస్టీరియర్ కాండైలర్ యాక్సిస్ అంటారు. దీనంత తేలికైన గుర్తు ఇంకోటి లేదు, జిగ్‌కి ఉన్న రెండు పాదాలు రెండు కాండైల్స్ వెనక ఆనించి పిన్నులు కొట్టేస్తే పని అయిపోతుంది, ఎవరు చేసినా దాదాపు ఒకే చోట ఆనుతుంది. సమస్య ఆ కాండైల్స్ అరిగినప్పుడు గానీ, పుట్టుకతోనే చిన్నగా ఉన్నప్పుడు గానీ వస్తుంది. మోకాళ్ళు లోపలికి ఒరుసుకునే రకం వంకర, అంటే వాల్గస్ మోకాలు ఉన్నవాళ్ళలో బయటి కాండైల్ తరచుగా వెనక వైపు చిన్నగా ఉంటుంది, దానికి తోడు బయటి వైపు కార్టిలేజ్ (ఎముక చివర మీద ఉండే నున్నటి పొర) కూడా అరిగిపోయి ఉంటుంది. అప్పుడు జిగ్ బయటి పాదం ఇంకా ముందుకు పోయి ఆనుతుంది, అంటే గీతే లోపలికి తిరిగిపోయి ఉంది. దాని మీద నుంచి 3 డిగ్రీలు బయటికి తిప్పినా చివరికి వచ్చేది ఇంటర్నల్ రొటేషనే. సర్జన్ రూల్ ప్రకారమే చేశాడు, పుస్తకంలో ఉన్న అంకె వాడాడు, అయినా తప్పింది. వాల్గస్ మోకాలిలో 5, 7 డిగ్రీలు అవసరం పడే సందర్భాలు అందుకే వస్తాయి.

ఇంకో చిన్న విషయం కూడా ఉంది ఇందులో, సీటీ స్కాన్‌లో ప్లాన్ చేసేవాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సింది. సీటీలో ఎముక కనపడుతుంది, కార్టిలేజ్ కనపడదు. వెనక కాండైల్ మీద కార్టిలేజ్ సుమారు 2 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. ఒక వైపు పూర్తిగా అరిగి ఇంకో వైపు నిండుగా ఉంటే, 48 మిల్లీమీటర్ల వెడల్పు మీద 2 మిల్లీమీటర్లంటే 2.4 డిగ్రీలు దాకా తేడా. అంటే స్కాన్‌లో కొలిచిన గీత, టేబుల్ మీద జిగ్ ఆనే గీత ఒకటి కాకపోవచ్చు. 3 డిగ్రీల లెక్కలో 2.4 తేడా అంటే చిన్నదేం కాదు కదా.

ఇక ఎపికాండైల్స్. మోకాలు మడిచి చాచినప్పుడు తొడ ఎముక ఏ ఇరుసు చుట్టూ తిరుగుతుందో ఆ ఇరుసుకి దగ్గరగా ఉండే గీత రెండు ఎపికాండైల్స్‌ని కలిపే గీత, పైగా పక్క లిగమెంట్లు రెండూ అక్కడే మొదలవుతాయి కాబట్టి మడిచినప్పుడు బ్యాలెన్స్ కూడా దీనితో బాగా వస్తుంది అని వాదన. 1993లో రిచర్డ్ బెర్గర్ అనే సర్జన్ బృందం 75 తొడ ఎముకలు కొలిచి దీన్ని గట్టిగా ముందుకు తెచ్చింది. అందులోనే సర్జికల్ ఎపికాండైలర్ యాక్సిస్ అనే మాట స్థిరపడింది. బయటి వైపు ఎపికాండైల్ కొన, లోపలి వైపు మాత్రం కొన కాదు, గుర్రపు నాడా ఆకారంలో ఉన్న ఎత్తు మధ్యలో ఒక పల్లం ఉంటుంది, ఆ పల్లం తీసుకోవాలి. లోపలి వైపు పల్లం బదులు ఎత్తుగా ఉన్న కొన తీసుకుంటే వచ్చే గీతని క్లినికల్ ఎపికాండైలర్ యాక్సిస్ అంటారు, అది సర్జికల్ గీత కంటే ఇంకో మూడు డిగ్రీల వరకు బయటికి ఉంటుంది. ఇద్దరు సర్జన్లు "నేను ఎపికాండైల్స్ చూసి పెట్టా" అన్నా ఇద్దరూ వేరే వేరే గీతల గురించి మాట్లాడుతుండొచ్చు, ఈ గందరగోళం చర్చల్లో చాలాసార్లు కనపడుతుంది.

బెర్గర్ కొలతల్లో సర్జికల్ గీతకీ వెనక కాండైల్స్ గీతకీ మధ్య కోణం మగవాళ్ళలో సగటున 3.5 డిగ్రీలు, ఆడవాళ్ళలో 0.3 డిగ్రీలు వచ్చింది. తర్వాత స్కాన్‌లతో చేసిన కొలతల్లో ఆడ మగ మధ్య ఇంత పెద్ద తేడా రాలేదు గానీ, మనిషికీ మనిషికీ మధ్య తేడా మాత్రం మళ్ళీ మళ్ళీ వచ్చింది. అందరికీ 3 అనే మాట అక్కడే బలహీనపడింది.

సిద్ధాంతంగా ఎపికాండైల్స్ గీత అందంగా ఉంటుంది. ఆపరేషన్‌లో దాన్ని కచ్చితంగా పట్టుకోవడమే కష్టం. ఆ పల్లం మీద లిగమెంట్, దాని మీద పొర, కొంతమందిలో కొవ్వు, ఆర్థ్రైటిస్ ముదిరినవాళ్ళలో అంచుల చుట్టూ పెరిగిన ఎముక ముళ్ళు (ఆస్టియోఫైట్లు), కొన్ని స్కాన్‌లలో అయితే పల్లమే కనపడదు. వేలితో తడిమి ఇక్కడ అనుకుని పిన్ను పెడతారు. రెండు ఎపికాండైల్స్ మధ్య 80 మిల్లీమీటర్లు ఉందనుకోండి, ఒక కొన దగ్గర 5 మిల్లీమీటర్లు ముందుకో వెనక్కో పోతే 3.6 డిగ్రీలు తప్పినట్టే. సగటు అంకె వాడితే వచ్చే తప్పు కంటే కొన్నిసార్లు ఇదే ఎక్కువ. అందుకే నాకు ఎపికాండైల్స్ గీతని ఒక్కదాన్నే నమ్ముకోవడం మీద నమ్మకం తక్కువ, దాన్ని పక్కన పెట్టేయమని మాత్రం చెప్పను, ఎందుకో చివర్లో వస్తుంది.

మూడోది వైట్‌సైడ్ గీత. లియో వైట్‌సైడ్, అరిమా అనే సర్జన్లు కలిసి 1995లో దీన్ని రాశారు, ముఖ్యంగా వాల్గస్ మోకాళ్ళ కోసమే, అంటే వెనక కాండైల్స్ గీత మోసం చేసే చోట వాడటానికి. ముందు వైపు ట్రోక్లియా గాడిలో అన్నిటికంటే లోతైన చోటు నుంచి వెనక నాచ్ మధ్య దాకా గీత గీస్తారు, చాలామంది సర్జన్లు మార్కర్‌తోనో కాటరీతోనో (కరెంటుతో కాల్చే పరికరం) నిజంగానే ఎముక మీద గీసేస్తారు, దానికి 90 డిగ్రీల్లో కోత వస్తుంది. బయటి కాండైల్ వెనక ఎంత చిన్నగా ఉన్నా ఈ గీతకి సంబంధం లేదు, అదే దీని బలం. కానీ గాడే అరిగిపోయి ఉంటే? చిప్ప కింద ఆర్థ్రైటిస్ బాగా ముదిరినవాళ్ళలో లోతైన చోటు ఏదో తెలీదు, పుట్టుకతోనే గాడి చదునుగా ఉన్నవాళ్ళలో అసలు ఉండదు, నాచ్‌లో ఆస్టియోఫైట్లు ఒక పక్క పెరిగితే మధ్య ఏదో మారిపోతుంది. ఇంకోటి, ఈ గీత పొట్టిది. 40 మిల్లీమీటర్లు అనుకుంటే ఒక చివర 2 మిల్లీమీటర్లు పక్కకి పోయినా దాదాపు 3 డిగ్రీలు. కాబట్టి గీసే ముందు నాచ్‌లోని ఆస్టియోఫైట్లు తీసేసి గీయడం మంచిది, చిన్న పనే గానీ గీత నాణ్యత మారిపోతుంది.

ఈ గుర్తుల గొడవంతా వద్దు, లిగమెంట్లనే అడుగుదాం అనే ఇంకో పద్ధతి ఉంది, గ్యాప్ బ్యాలెన్సింగ్. టిబియాని ముందు కోసేసి, మోకాలు 90 డిగ్రీలు మడిచి, టెన్సర్ అనే గ్యాప్ తెరిచే పరికరంతో రెండు పక్కలా సమానంగా లాగి, టిబియా కోతకి సమాంతరంగా తొడ ఎముక వెనక వైపు కోస్తారు. గ్యాప్ దీర్ఘచతురస్రంగా వస్తుంది, రొటేషన్ ఎంత రావాలో అంత దానంతట అదే వస్తుంది. వినడానికి చాలా సూటిగా ఉంది కదా, ఇది పని చేయాలంటే రెండు షరతులున్నాయి మరి. టిబియా కోత నిజంగా 90లో ఉండాలి, వేరస్‌లో అంటే లోపలికి వాలి ఉంటే ఆ తప్పు నేరుగా పైకి ఎక్కి తొడ భాగాన్ని లోపలికి తిప్పేస్తుంది. అలాగే లిగమెంట్లు ఆరోగ్యంగా ఉండాలి, లోపలి లిగమెంట్ సాగిపోయి ఉంటే లోపలి గ్యాప్ ఎక్కువ తెరుచుకుంటుంది, ఆ వదులుని నమ్మి కోస్తే ఇంటర్నల్ రొటేషన్ వస్తుంది, లోపలి వైపు బిగుసుకుపోయి ఉంటే దాన్ని వదులు (రిలీజ్) చేయకుండా వదిలేస్తే అవసరానికి మించి బయటికి తిరుగుతుంది. అంటే ఎముక అబద్ధం చెప్పే చోట లిగమెంట్‌ని అడిగాం, లిగమెంట్ కూడా జబ్బుపడి ఉండొచ్చు. అనుభవం ఉన్నవాళ్ళు చాలామంది గ్యాప్ చూసి నిర్ణయించి ఎముక గుర్తులతో సరిచూసుకుంటారు, లేదా తిరగేసి చేస్తారు. రెండూ 2, 3 డిగ్రీల లోపు కలిస్తే ముందుకు పోతారు, కలవకపోతే ఆగి ఎందుకు కలవట్లేదో వెతుకుతారు. ఆ ఆగడమే ముఖ్యం.

కోత పెట్టాక కూడా ఒక చెకింగ్ ఉంది, ఖర్చు లేనిది. తొడ ఎముక ముందు వైపు కోసిన తర్వాత ఆ కోసిన తలం ఆకారం చూస్తే బయటి వైపు ఎత్తుగా, లోపలి వైపు పొట్టిగా, పైనుంచి చూసిన గ్రాండ్ పియానో ఆకారంలో ఉండాలి, సర్జన్లు దీన్ని గ్రాండ్ పియానో సైన్ అనే పిలుస్తారు. రెండు వైపులా ఎత్తు దాదాపు సమానంగా వచ్చిందంటే లోపలికి తిరిగి ఉండొచ్చు, ఇంప్లాంట్ కొట్టకముందే ఇంకోసారి చూసుకోండి అని హెచ్చరిక. అలాగే వెనక వైపు కోసి తీసిన రెండు ముక్కల మందం కాలిపర్‌తో కొలిస్తే, 3 డిగ్రీలు బయటికి తిప్పినప్పుడు లోపలి ముక్క సుమారు 2.5 మిల్లీమీటర్లు మందంగా రావాలి, కాండైల్స్ అరుగుదలని కలుపుకుని.

తప్పితే ఏమవుతుంది అనేది 1998లో బెర్గర్ బృందమే ఇంకో పేపర్‌లో చూపించింది. మోకాలి మార్పిడి తర్వాత చిప్ప సమస్యలు వచ్చినవాళ్ళకి సీటీ తీసి, తొడ భాగం, టిబియా భాగం రెండింటి రొటేషన్ కలిపి లెక్కేశారు. రెండూ కలిపి 1 నుంచి 4 డిగ్రీలు లోపలికి తిరిగి ఉన్నవాళ్ళలో చిప్ప బయటికి వాలడం, 3 నుంచి 8 ఉన్నవాళ్ళలో చిప్ప గాడిలోంచి పక్కకి జరగడం, 7 నుంచి 17 ఉన్నవాళ్ళలో చిప్ప పూర్తిగా తప్పిపోవడం లేదా చిప్పకి పెట్టిన ప్లాస్టిక్ భాగం పాడవడం. డిగ్రీలు పెరిగే కొద్దీ ఇబ్బంది పెరిగింది. కారణం కూడా తేలిగ్గానే అర్థమవుతుంది, మెటల్ భాగం లోపలికి తిరిగితే దాని గాడి కూడా లోపలికి జరుగుతుంది, తొడ ముందు కండరం మాత్రం చిప్పని ఎప్పట్లాగే కొంచెం బయటికి లాగుతుంది, రెండింటి మధ్య చిప్ప నలుగుతుంది. దీనికి తోడు మోకాలు మడిచినప్పుడు లోపలి వైపు బిగుతుగా, బయటి వైపు వదులుగా తయారవుతుంది, వంగడం తగ్గుతుంది.

అలాగని భయపడి ఎక్కువ బయటికి తిప్పేస్తే? చిప్పకి బాగానే ఉంటుంది, కానీ వెనక లోపలి కాండైల్ నుంచి అతిగా కోసేసినట్టు, మడిచినప్పుడు లోపలి వైపు వదులవుతుంది, మెట్లు దిగేటప్పుడు, కుర్చీలోంచి లేచేటప్పుడు మోకాలు నిలకడగా అనిపించదు. ముందు వైపు కోత బయటి పక్క ఎముకలోకి దిగి గాటు పడే ప్రమాదం కూడా ఉంది. "అనుమానం వస్తే ఇంకొంచెం బయటికి తిప్పు" అనే సలహా అక్కడక్కడా వినపడుతుంది, అది మరీ సులువుగా తీసుకోవాల్సిన మాట కాదు.

కైనమాటిక్ అలైన్‌మెంట్ గురించి చెప్పకపోతే ఇది అసంపూర్ణంగా ఉంటుంది. 2006 ప్రాంతం నుంచి స్టీఫెన్ హోవెల్ అనే సర్జన్ ముందుకు తెచ్చిన పద్ధతి ఇది. వెనక కాండైల్స్ రెండూ పక్క నుంచి చూస్తే చాలా భాగం వృత్తంలో ముక్కలా ఉంటాయి, ఆ రెండు వృత్తాల కేంద్రాలు కలిపితే వచ్చే ఇరుసు చుట్టూనే టిబియా మడుచుకుంటుంది, కాబట్టి ఆ మనిషి సొంత కాండైల్స్‌ని అలాగే నిలబెడదాం అంటారు. అరిగిన కార్టిలేజ్‌కి 2 మిల్లీమీటర్లు కలిపి, వెనక కాండైల్స్‌కి 0 డిగ్రీల్లో, అంటే అసలు తిప్పకుండా పెడతారు. టిబియాని కూడా ఆ మనిషి సహజ వాలులోనే కోస్తారు. 3 అని చెప్పిన చోట 0 అంటుంటే ఇదేదో విరుద్ధం అనిపిస్తుంది, పైన చెప్పిన లెక్క గుర్తు తెచ్చుకుంటే కాదు. టిబియా వాలు తీసేయకపోతే పైన తిప్పాల్సిన పని లేదు. ప్రమాదం ఎక్కడంటే సగం సగం కలపడంలో, టిబియాని 90లో కోసి పైన 0 పెడితే మడిచినప్పుడు లోపలి వైపు బిగుసుకుపోతుంది. ఏ పద్ధతిలో వెళ్ళినా పైనా కిందా ఒకే పద్ధతిలో వెళ్ళాలి.

కంప్యూటర్‌తో కోతకి దారి చూపే నావిగేషన్, రోబో వచ్చాయి కదా ఇంకా ఈ గొడవేంటి అనే ప్రశ్న మామూలుగా వస్తుంది. ఇచ్చిన కోణంలో కోయడంలో రోబో చాలా బాగా చేస్తుంది, చేతి పరికరాల కంటే గురి ఎక్కువ. కానీ ఆ కోణం ఏ గీత నుంచి కొలవాలో, ఎంత ఉండాలో చెప్పేది మనిషే. ఎపికాండైల్ ఎక్కడుందో ప్రోబ్‌తో చూపించేటప్పుడు 5 మిల్లీమీటర్లు తప్పు చూపిస్తే, ఆ తప్పునే అర డిగ్రీ కచ్చితత్వంతో అమలు చేస్తుంది. సీటీ మీద ముందే ప్లాన్ చేస్తే గీతలు నెమ్మదిగా, పెద్దగా చేసుకుని చూడొచ్చు, ఆపరేషన్‌లో గ్యాప్‌లు ఎలా వస్తాయో అంకెల్లో చూసి కోయకముందే రొటేషన్ సవరించొచ్చు, నిజమైన లాభం అక్కడుంది.

ఒక చిన్న విషయం మధ్యలో, తొడ ఎముక తుంటి దగ్గర కూడా మెలి తిరిగి ఉంటుంది, పెద్దవాళ్ళలో సుమారు 10 నుంచి 15 డిగ్రీలు, పుట్టినప్పుడు 30, 40 డిగ్రీలు ఉండి పెరుగుతూ తగ్గుతుంది. మోకాలి గుర్తులన్నీ కింది చివరలోనే ఉన్నాయి కాబట్టి పైన ఈ మెలిక మరీ ఎక్కువున్నవాళ్ళలో కింద అన్నీ సరిగ్గా పెట్టినా మోకాలు మొత్తం లోపలికి చూస్తుంది, చిప్ప సమస్య ఉండొచ్చు. అరుదే, అయినా చిన్నప్పటి నుంచి చిప్ప జారే చరిత్ర ఉన్న పేషెంట్‌లో తుంటి దగ్గర కూడా స్కాన్ చేసి చూడటం అవసరం.

ఇక ఆపరేషన్ అయ్యాక నొప్పి తగ్గనివాళ్ళ సంగతి. ముందుగా ఇన్‌ఫెక్షన్ లేదని, ఇంప్లాంట్ వదులు కాలేదని తేల్చాలి, తుంటి నుంచో వెన్ను నుంచో వచ్చే నొప్పి కాదని చూడాలి. ఆ తర్వాత కూడా ముందు వైపు నొప్పి, చిప్ప వాలడం, మడిస్తే పట్టేయడం ఉంటే మామూలు ఎక్స్‌రే దగ్గరే ఆగకుండా రొటేషన్ కొలిచే సీటీ అడగడం సబబు, మెటల్ వల్ల కొంచెం మసకగా వచ్చినా ఎపికాండైల్స్ కనపడతాయి, వాటితో మెటల్ భాగం వెనక అంచుని పోల్చి కోణం తీస్తారు. తొడ భాగం ఒక్కటే కొలిచి బాగుంది అనడం మాత్రం సరిపోదు. టిబియా భాగం, టిబియా ముందు ఎముక గుబ్బ కొన నుంచి చూస్తే సుమారు 18 డిగ్రీలు లోపలికి ఉండటం మామూలు, అంతకు మించితే అదీ ఇంటర్నల్ రొటేషన్ కిందే లెక్క, రెండూ కలిపి చూడాలి. రొటేషన్ బాగా తప్పిన మోకాలిలో చిప్ప పక్క పొరలు మాత్రమే వదులు చేస్తే చాలాసార్లు సమస్య తిరిగొస్తుంది, కారణం కింద మెటల్‌లో అలాగే ఉంది కాబట్టి.

అలాంటప్పుడు రివిజన్, అంటే ఇంప్లాంట్ తీసి మళ్ళీ పెట్టే ఆపరేషన్ చేసే సర్జన్‌కి ఏం మిగులుతుందో చూడండి. వెనక కాండైల్స్ కోసేశారు, గాడి కోసేశారు, నాచ్ ఆకారం మారిపోయింది. మిగిలింది ఆ ఎపికాండైల్స్ రెండే, తడిమి పట్టుకోవడం కష్టం అని పైన చెప్పుకున్నవే. అందుకే మొదటి ఆపరేషన్ నోట్స్‌లో ఏ గీత వాడారు, ఎన్ని డిగ్రీలు తిప్పారు, వెనక నుంచి తీసిన రెండు ముక్కల మందం ఎంత అనే మూడు విషయాలు రాసి ఉండాలని నేను గట్టిగా అంటాను. రాయడానికి ఒక్క లైన్ చాలు. చాలా నోట్స్‌లో ఇంప్లాంట్ సైజు, సిమెంట్ వివరాలు అన్నీ ఉంటాయి గానీ ఇది ఉండదు, రివిజన్‌కి వచ్చినప్పుడు మొదట అవసరమయ్యేది మాత్రం అదే.